ఎగరడం సరే, దిగేదెక్కడ?

మా మనవడి చెయ్యి విరగడానికి కారణం నేనే. ఈ మాట మా అమ్మాయి పైకి అనలేదు. అల్లుడు అసలే అనడు, మర్యాదస్తుడు. మా ఆవిడ మాత్రం విజయవాడ నుంచి విశాఖ దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేసింది. వాళ్లందరికీ తెలిశాక మీ దగ్గర దాచడమెందుకు?

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఆర్నెల్ల మకాం సంగతి తెలిసిందే. మొదటి నెల అన్నీ వింతే. రెండో నెల నుంచి పొద్దున వాకింగూ, మధ్యాహ్నం కునుకూ, సాయంత్రం ఎవరైనా ఇంటికొస్తారేమోనని కిటికీ దగ్గర కాపలా. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో మా అమ్మాయి ఇల్లు. పోయిన ఏడాది మార్చిలో వెళ్లాం. అక్కడ నాకు దొరికిన ఏకైక స్నేహితుడు మా మనవడు. 13 ఏళ్లవాడు. వాడికి తెలుగు సగం వచ్చు, వాడి ఇంగ్లిషు నాకు సగం అర్థమవుతుంది. మిగిలిన ఖాళీని సైకిలు పూడ్చింది.

వాడికి పట్టిన పిచ్చి పేరు డర్ట్ జంపింగ్. మట్టితో దిబ్బలు కట్టి, సైకిలు మీద వేగంగా వచ్చి, ఒక దిబ్బ మీంచి గాల్లోకి లేచి మరో దిబ్బ మీద దిగడం. గాల్లో ఉన్న ఆ కాస్త సేపట్లో హ్యాండిల్‌ని గిర్రున తిప్పడం, చేతులు వదిలేయడం, సైకిలుతో సహా పల్టీ కొట్టడం లాంటి విన్యాసాలన్నిటినీ కలిపి ఫ్రీస్టైల్ అంటారు. ‘‘నాకు ఎగరడం ఒక్కటి వస్తే చాలు తాతా, మిగతావి తర్వాత’’ అన్నాడు. ఎంత వినయమో చూడండి!

నేను 34 ఏళ్లు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ శీర్షిక చదివేవాళ్లకి నా కాలవగట్ల పురాణం కొత్తేమీ కాదు. ‘‘తాతా, ర్యాంప్ కడదామా?’’ అని వాడు అడగ్గానే నాలో నిద్రపోతున్న ఏఈ లేచి కూర్చున్నాడు. అల్లుణ్ని కారెక్కించి ప్లైవుడ్డూ కర్ర దూలాలూ మరమేకులూ తెప్పించాను. వంపు ఎంత ఉండాలో కాగితం మీద లెక్కగట్టాను. రెండు రోజుల్లో ఇంటి వెనక గడ్డిలో రెండడుగుల ఎత్తు ర్యాంపు లేచింది. నేనెక్కి గెంతినా కదల్లేదు. మా ఆవిడ చేత ఫొటో కూడా తీయించుకున్నాను.

మూడు రోజులు వాడు మెల్లగా వచ్చి కొద్దిగా ఎగిరి గడ్డిలో దిగాడు. నాలుగో రోజు వీధి చివర్నించి తొక్కుకుంటూ వచ్చాడు. మీటరు ఎత్తు లేచాడు. అంతవరకు నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. గాల్లోకి లేచాక భయపడి ఒళ్లంతా కర్రలా బిగబట్టాడు. ముందు చక్రం కిందికి వాలింది. పడబోతూ మనమంతా చేసే పనే వాడూ చేశాడు... నేలకి చెయ్యి ఆనించాడు. ‘టక్’మన్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆరు వారాలు కట్టు. మా అమ్మాయి ర్యాంపు విప్పించి చెత్తబండికి వేయించింది. సైకిల్ని గ్యారేజీలో మూలకి నెట్టి దాని మీద పాత దుప్పటి కప్పింది. ‘‘ఇక ఈ ఇంట్లో సైకిలు మాటెత్తకండి’’ అంది. వాడు ఏడవలేదు, గొడవ చేయలేదు. కానీ నాతో మాట్లాడ్డం తగ్గించేశాడు. నా మీద కోపం అనుకున్నాను. కాదట. నన్ను అమ్మ తిట్టిందని వాడికి సిగ్గట.

నిద్రపట్టని ఒక రాత్రి కాగితం, పెన్సిలు తీసుకున్నాను. తప్పెక్కడ జరిగిందో తెలియకపోతే ఇంజినీరుకి అన్నం సహించదు. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ముందుకెళుతూ సైకిలు ఒక మీటరు కిందికి దిగిందనుకోండి. దిగేచోటు చదునైన నేలయితే ఆ దెబ్బ మీటరు ఎత్తు నుంచి దభీమని పడినట్టే తగులుతుంది. అదే చోట నేల కూడా సైకిలు దిగే వైపుకే వాలి ఉంటే? మనం కాలవగట్టుకి పెట్టే వాలు, రెండడుగులు సాగితే ఒక అడుగు దిగే వాలు, అక్కడ ఉంటే? లెక్క వేసి చూస్తే నేలకి గుద్దుకునే వేగం మూడోవంతుకి పడిపోయింది. మీటరు ఎత్తు నుంచి పడే దెబ్బ కాస్తా 11 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంతే అయింది. అంటే అర జానెడు! ఎత్తు అదే, పిల్లాడూ వాడే. కింద ఉన్న నేల వాలే మారింది.

గట్టుకి రెండు వాలులుంటాయని జీవితమంతా కూలీలకీ మేస్త్రీలకీ చెప్పిన మనిషిని, మనవడికి ఒక వాలే కట్టిచ్చాను. ఎక్కే వాలు. దిగే వాలు సంగతి నాకు తట్టనే లేదు. ఆ రాత్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాత వాడి పక్కన కూర్చుని ఈ ఆట కథ తెలుసుకోవడం మొదలుపెట్టాను. చేతికి కట్టుంది కాబట్టి వాడికీ వేరే పని లేదు. కథ వాళ్ల కాలిఫోర్నియాలోనే మొదలైంది. 1970ల మొదట్లో అక్కడి పిల్లలు మోటారు సైకిలు పందేల్ని చూసి, అవి కొనే స్తోమత లేక, తమ చిన్న సైకిళ్లతోనే ఖాళీ స్థలాల్లో మట్టిదిబ్బల మీద ఎగరడం మొదలుపెట్టారు. 1971లో వచ్చిన ‘ఆన్ ఎనీ సండే’ అనే మోటారు సైకిళ్ల డాక్యుమెంటరీ మొదట్లోనే ఆ పిల్లలు కనిపిస్తారు. ఆ ఆటకి బీఎంఎక్స్ అని పేరొచ్చింది. అదే దశాబ్దం చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోకి అవతల ఉన్న మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లని కొండమీంచి కిందికి దూకించి మౌంటెన్ బైకులకి ప్రాణం పోశారు. ఈ రెండూ కలిసిన సంకరజాతి బిడ్డే మనవాడి సైకిలు.

మే నెలలో ఒక ఆదివారం అల్లుడు మమ్మల్ని సముద్రం చూపిస్తానని కొండల మీదుగా ఆప్టోస్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. కారు ఆగగానే మావాడు ‘‘తాతా, పోస్టాఫీసు చూద్దాం’’ అన్నాడు. అమెరికా వెళ్లి పోస్టాఫీసు చూడ్డమేమిటని మా ఆవిడ విసుక్కుంది. తీరా చూస్తే అది సైకిళ్లవాళ్లకి తీర్థం లాంటి చోటట. దాని వెనకున్న ఖాళీ స్థలంలో ఏళ్ల తరబడి కుర్రాళ్లు మట్టి దిబ్బలు కట్టుకుని ఎగిరేవారు. స్థలం ప్రైవేటుది. సొంతదారులు పోనీలే అని ఊరుకున్నారు. ఆ దిబ్బల మీద పెరిగినవాళ్లలో క్యామ్ మెకాల్ లాంటి ప్రపంచ స్థాయి ఆటగాళ్లున్నారు. 2015లో ఆ స్థలంలో కట్టడాలు రావడంతో దిబ్బల్ని చదును చేసేశారు. మేం వెళ్లేసరికి చూడ్డానికి ఏమీ లేదు. మావాడు మాత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

దిబ్బలు కట్టుకునేవాళ్లందరి మధ్యా ఒక నియమం ఉందని వాడే చెప్పాడు. తవ్వనివాడు తొక్కకూడదు. అంటే మట్టి పనికి రానివాడికి ఎగిరే హక్కు లేదన్నమాట. ఇంత ముచ్చటైన రూలు మా డిపార్టుమెంటులో కూడా లేదు. యూటా రాష్ట్రంలో వర్జిన్ అనే ఊరి దగ్గర 2001లో మొదలైన ‘రెడ్‌బుల్ ర్యాంపేజ్’ పోటీ ఈ ఆటకి హిమాలయం లాంటిది. ఎర్ర కొండల అంచుల మీంచి దూకుతారు. అక్కడ కూడా ఆటగాడు తన దారిని తానే, ఇద్దరు సాయం మనుషులతో కలిసి, పలుగూ పారా పట్టుకుని రోజుల తరబడి తవ్వుకుంటాడు. దూకడానికి పట్టేది నిమిషాలే.

ఇదంతా విని నాకు ఉత్సాహం వచ్చింది. మళ్లీ మొదలుపెడదామా అని అమ్మాయిని అడిగాను. తను ఏమీ మాట్లాడకుండా రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఒక డాక్యుమెంటరీ పెట్టింది. ‘ఎనీ వన్ ఆఫ్ అస్’ దాని పేరు, 2019లో వచ్చింది. పాల్ బసగోయిటియా అనే ఆటగాడి కథ. 2004లో కెనడాలోని విస్లర్‌లో ఎరువు తెచ్చుకున్న సైకిలు మీద పోటీ చేసి గెలిచినవాడు. 2015 ర్యాంపేజ్‌లో పడి వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. తర్వాత నెలల తరబడి అతను ఒక్కో కండరాన్నీ కదిలించడానికి పడిన యాతనంతా అందులో ఉంది. అతను మళ్లీ అడుగులు వేయగలిగాడు, అయినా పాత శరీరం తిరిగి రాలేదు. అయిపోయేసరికి గదిలో ఎవరం మాట్లాడలేదు.

‘‘ఇదీ నాన్నా, నువ్వు వాడికి నేర్పిస్తానంటున్నది’’ అంది అమ్మాయి.

నా దగ్గర జవాబు లేదు. ఉందని చెబితే అబద్ధమవుతుంది. ఈ ఆటలో ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. జేబులోంచి ఆ కాగితం తీసి తన చేతిలో పెట్టాను. తనూ ఇంజినీరే. రెండు నిమిషాలు చూసింది. ‘‘చిన్నప్పుడు క్వార్టర్సులో నాకు సైకిలు నేర్పేటప్పుడు సీటు పట్టుకున్నానని చెబుతూ వదిలేశావు నాన్నా. మోచెయ్యి మీద మచ్చ ఇంకా ఉంది. వాడి విషయంలో ఏం చేసినా నాకు చెప్పి చెయ్యి’’ అంది. నిజమే, వదిలేశాను. అందరు నాన్నలూ అలాగే వదిలేస్తారనుకున్నాను.

షరతులు పెట్టింది. ఇంట్లో ర్యాంపులు కట్టకూడదు, మునిసిపాలిటీ పార్కులోనే. ఒంటరిగా వెళ్లకూడదు. పార్కులో పిల్లలకి నేర్పే కుర్రాడు సరేననేదాకా చక్రం నేల విడవకూడదు. హెల్మెట్టు తను చూసి కొన్నదే పెట్టుకోవాలి. తలతో పాటు దవడనీ కాపాడే ఫుల్‌ఫేస్ హెల్మెట్టు కొంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టు పైకి బాగానే ఉన్నా పనికిరాదు, పారేయాలి. కొనేటప్పుడు సీపీఎస్‌సీ అనో, మన దగ్గరైతే ఈఎన్ 1078 అనో ముద్ర ఉందేమో చూడండి. మోకాళ్లకి ప్యాడ్లు, చేతులకి నిండు గ్లవుజులు, అడుగు చదునుగా ఉన్న బూట్లు. చెప్పులతో అసలు వద్దు.

కట్టు విప్పి, డాక్టరు సరేనన్నాక జూన్ మధ్యలో మళ్లీ మొదలుపెట్టాం. ముందు సైకిలు సంగతి తేలింది. వాడిది ఒక పెద్ద దుకాణంలో కొన్న గేర్ల సైకిలు. చూడ్డానికి మౌంటెన్ బైకే, ముందు స్ప్రింగుల ఫోర్కు కూడా ఉంది. పార్కులో కుర్రాడు దాన్ని చూసి పెదవి విరిచాడు. అమెరికాలో ఏఎస్‌టీఎం ప్రమాణాల ప్రకారం సైకిళ్లకి 5 తరగతులున్నాయి. ఒకటోది తారురోడ్డుకి. రెండోది 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగితే తట్టుకుంటుంది. మూడోది 61, నాలుగోది 122 సెంటీమీటర్ల దాకా. అయిదోది గట్టి గెంతులకి. డర్ట్ జంపింగ్‌కి ఆఖరి రెండు తరగతులవే కావాలి. మన ఊళ్లలో ఎంటీబీ అని అమ్మే సైకిళ్లు కొనేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. లావు టైర్లూ స్ప్రింగులూ ఉన్నంత మాత్రాన అది గెంతడానికి చేసింది కాదు. హ్యాండిలో ఫోర్కో గాల్లో విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

సెకండ్‌హ్యాండులో ఒక డర్ట్ జంప్ సైకిలు దొరికింది. దాన్ని చూసి మా ఆవిడ ‘‘సగం సామాను లేదేమిటండీ, మోసపోయారా?’’ అంది. గేర్లు లేవు, ఒకటే. వెనక స్ప్రింగు లేదు. సీటు ఎంత కిందికుందంటే కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. ముందు బ్రేకు లేదు. ప్రతిదానికీ కారణముంది. సీటు కిందికుంటేనే గాల్లో సైకిల్ని కాళ్ల మధ్య కదిలించడానికి చోటుంటుంది. దిగే క్షణంలో కంగారుపడి ముందు బ్రేకు నొక్కితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపడతాడు కాబట్టి దాన్ని తీసేశారు. పైగా హ్యాండిల్ గిర్రున తిప్పేవాళ్లకి ఆ కేబుల్ చుట్టుకుంటుంది. చక్రాలు 26 అంగుళాలు, టైర్లలో గాలి గట్టిగా. ముందు ఫోర్కులో మాత్రం 10 సెంటీమీటర్ల కదలిక.

పార్కులో మొదటి మెట్టు పంప్ ట్రాక్. వరసగా చిన్న చిన్న మట్టి అలలు, మూలల్లో వాలుగోడలు. దాని మీద పెడల్ తొక్కకుండా చుట్టూ తిరిగి రావాలి. ఎలా వెళుతుంది? మావాడు వారం రోజులు తిప్పలు పడ్డాడు. అల మీద ఆగిపోయేవాడు. వాడికి అర్థమయ్యేలా చెప్పింది నేనూ కాదు, నేర్పే కుర్రాడూ కాదు, మా ఆవిడ. బెంచీ మీద కూర్చుని చూస్తూ ‘‘అట్లతద్ది ఉయ్యాలరా అది’’ అంది. నిలబడి ఉయ్యాల ఊగినవాళ్లకి తెలుసు. పైకి వెళ్లినప్పుడు మోకాళ్లు ముడవాలి, కిందికి వచ్చేటప్పుడు లేచి నిలబడాలి. ఎవరూ తొయ్యకపోయినా ఉయ్యాల ఊపందుకుంటుంది. ఇక్కడా అంతే. అల ఎక్కేటప్పుడు చేతులూ కాళ్లూ ముడిచి సైకిల్ని ఒంటి దగ్గరికి రానివ్వాలి. దిగేటప్పుడు కాళ్లతో, చేతులతో నొక్కి కిందికి తొయ్యాలి. మావాడు అట్లతద్ది ఎరగడు కానీ పార్కులో ఉయ్యాల ఎక్కించి నిలబెట్టగానే పది నిమిషాల్లో పట్టేశాడు. మర్నాడు పెడల్ తొక్కకుండా రెండు చుట్లు తిరిగాడు.

ఆ చుట్లలోనే మిగతా సగం విద్య ఉంది. సీటు మీద కూర్చోకూడదు. రెండు పెడల్సూ నేలకి సమంగా ఉంచి నిలబడాలి. మోకాళ్లూ మోచేతులూ కొద్దిగా ముడిచి, చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లబోయే చోట ఉంచాలి. ఎటు చూస్తే సైకిలు అటు పోతుంది.

రెండో మెట్టుకి పార్కు కూడా అక్కర్లేదు. చదును నేల మీద, ర్యాంపు ఏమీ లేకుండా, సైకిల్ని రెండు చక్రాలూ లేచేలా గెంతించడం. బన్నీ హాప్ అంటారు, కుందేలు గెంతు. మొదట ఒంటిని వెనక్కి వేసి ముందు చక్రం లేపాలి. ఆ తర్వాత పైకి లేస్తూ హ్యాండిల్‌ని ముందుకి తోస్తే వెనక చక్రం దానంతటదే వస్తుంది. చెప్పినంత తేలిక కాదు. ముందు సుద్దగీత మీంచి, తర్వాత పడుకోబెట్టిన తాడు మీంచి, ఆ తర్వాత మా అల్లుడి చెప్పు మీంచి. జూలై అంతా వాకిట్లో ఇదే. అల్లుడికి ఆ చెప్పుల జత మార్చాల్సి వచ్చింది.

పడటం కూడా నేర్పారు. నాకు బాగా నచ్చిన పాఠం ఇదే. తప్పదనిపిస్తే సైకిల్ని వదిలేయాలి, దాన్ని కాపాడాలని చూడకూడదు. చెయ్యి చాచి నేలకి ఆనించకుండా ముడుచుకుని భుజం మీదుగా దొర్లాలి. గడ్డిలో సైకిలు లేకుండా యాభైసార్లు దొర్లించారు. ఏప్రిల్లో ఇది తెలిసుంటే అనుకున్నాను. చేతికి కట్టున్న రోజుల్లో వాడు నాకొక వీడియో చూపించాడు. టోక్యో ఒలింపిక్స్‌లో, అవి జరిగింది 2021లో, బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ తొలిసారి పెట్టారు. బ్రిటన్ అమ్మాయి షార్లెట్ వర్తింగ్టన్ మొదటి ప్రయత్నంలో గుండ్రంగా తిరుగుతూ వెనక్కి పల్టీ కొట్టబోయి పడిపోయింది. రెండోసారి వచ్చి అదే పల్టీ కొట్టి బంగారు పతకం పట్టుకుపోయింది. ఇలాంటి కొత్త విన్యాసాల్ని ముందు స్పాంజి ముక్కలు నింపిన గోతుల్లోకీ, గాలి నింపిన పరుపుల మీదికీ దూకి నేర్చుకుంటారట. మెత్తటి చోట అలవాటయ్యాకే గట్టి నేల. ఈ మాట అమ్మాయి చెవిన వేశాను.

నెలకో శనివారం పార్కులో మట్టి పని ఉంటుంది. ఎవరైనా రావచ్చు. ఆగస్టు మొదటి శనివారం నేనూ పార పట్టుకుని వెళ్లాను. పదిమంది కుర్రాళ్లు, ఇద్దరు తల్లులు, పదేళ్ల పాప ఒకతె. నా తెల్లజుట్టు చూసి నీళ్ల పైపు చేతికిచ్చి పక్కన కూర్చోమన్నారు. కాలిఫోర్నియా వేసవిలో చినుకు పడదు. దిబ్బ అంచులు పిండిలా రాలిపోతున్నాయి. వాళ్లు ఎండుమట్టి పోసి, పైన నీళ్లు చల్లి, పార వెనకతో కొడుతున్నారు. ఇక ఊరుకోలేకపోయాను.

ఒక పిడికెడు మట్టి తీసి నీళ్లు కలిపి గట్టిగా పిసికి చూపించాను. చెయ్యి తెరవగానే రాలిపోతే తడి చాలదు. వేళ్లకి బురద అంటితే ఎక్కువైంది. ముద్దగా నిలిచి, బొటనవేలితో నొక్కితే రెండు ముక్కలుగా శుభ్రంగా విరిగితే అదీ లెక్క. ఆ తడి మీదే మట్టి అన్నిటికంటే గట్టిగా దిమ్మిస అవుతుంది. అది కూడా అరడుగు మందం చొప్పున పొరపొరగా వేసి కొట్టాలి. ఒకేసారి కుప్ప పోసి పైన కొడితే లోపల గుల్లగా ఉంటుంది. ఈ సూత్రాన్ని శాస్త్రంగా చెప్పినవాడు రాల్ఫ్ ప్రాక్టర్. లాస్‌ఏంజెలిస్ నీటి సరఫరా విభాగంలో ఇంజినీరు. ఆనకట్టల మట్టి పని చూస్తూ 1933లో దీని మీద వ్యాసాలు రాశాడు. మన దగ్గర ఏ కాలవకట్ట మీద చూసినా ‘ప్రాక్టర్ టెస్టు’ అని ఆయన పేరు వినిపిస్తుంది. వాళ్ల రాష్ట్రం ఇంజినీరు చెప్పిన ముక్కని గుంటూరు జిల్లా నుంచి వెళ్లి నేను వాళ్ల పిల్లలకి చెప్పడం నాకు భలే తమాషాగా అనిపించింది. ఆ మధ్యాహ్నానికి నీళ్ల పైపు మావాడి చేతికి, దిమ్మిస కర్ర నా చేతికి వచ్చాయి. మర్నాడు నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

ఆ రోజు మేం బాగుచేసిన దిబ్బ పేరు టేబుల్‌టాప్. ఎక్కే వాలు, పైన బల్లలాంటి చదును, తర్వాత దిగే వాలు. రెండడుగుల ఎత్తు, పైన అయిదడుగుల చదును. మొదట ఎగిరేవాళ్లు ఎప్పుడూ దీంతోనే మొదలుపెట్టాలి. వేగం చాలక దిగే వాలు దాకా వెళ్లలేకపోయినా బల్ల మీదే దిగుతారు, కుదుపుతో సరిపోతుంది. దీని పక్కనే ‘డబుల్’ ఉంటుంది. రెండు దిబ్బలు, మధ్యలో గొయ్యి. దాని జోలికి అప్పుడే వెళ్లకూడదు.

వాడు ఎగిరింది రెండు వారాల తర్వాత. ఆలోగా ఆ దిబ్బ మీద చక్రం లేపకుండా ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్కలేదు. ఆరోజు అమ్మాయి ఆఫీసు మానేసి వచ్చింది. పదేళ్ల పాప ముందు వెళుతుంటే అదే వేగంతో వెనకే వెళ్లమన్నాడు నేర్పే కుర్రాడు. ఎంత వేగం కావాలో నోటితో చెప్పలేం, ఆ దిబ్బ తెలిసినవాళ్ల వెంట వెళితేనే తెలుస్తుంది. ఎక్కే వాలు అడుగున కొద్దిగా కిందికి నొక్కాలి. అంచు దగ్గర నేల మీంచి గెంతినట్టే కాళ్లు చాచాలి. గాల్లో బిగుసుకుపోకూడదు. అలా బిగుసుకుపోయేవాణ్ని వాళ్లు ‘చచ్చిన నావికుడు’ అంటారట, ఎందుకో మరి. చూపు దిగే వాలు మీద ఉంచి, హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి వంచి, రెండు చక్రాలూ ఆ వాలుకి సమంగా వచ్చేలా చూసుకోవాలి.

పాప వెళ్లింది. వాడు వెళ్లాడు. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. నేల నుంచి చక్రాలు జానెడో మూరెడో లేచాయి. దిగేటప్పుడు చప్పుడు రాలేదు. నేను చూస్తున్నది వాణ్ని కాదు, ఆ దిగే వాలుని. చక్రాలు దాన్ని తాకి జారినట్టుగా కిందికి వెళ్లిపోయాయి.

‘‘మళ్లీ’’ అని అరిచాడు వాడు. అమ్మాయి నా చెయ్యి వదిలి ‘‘వదిలేశాను నాన్నా, చెప్పి వదిలేశాను’’ అంది. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతోంది.

ఇది చదివి మీ పిల్లలు ఇక్కడే మొదలుపెడతామంటే, ముందు కుందేలు గెంతుతో ఆర్నెల్లు గడపమనండి. దానికి ఖాళీ వాకిలి చాలు. తర్వాత మట్టి పనికి దిగేటట్టయితే స్థలం ఎవరిదో వాళ్లని అడిగి దిగండి. నల్లరేగడితో దిబ్బ కట్టకండి, ఎండకి బీటలు వారి వానకి ఉబ్బుతుంది. బంకమట్టీ గులకా కలిసిన మొరం నేల మంచిది. ఎక్కే వాలుకంటే ముందు దిగే వాలు కట్టండి, అది వెడల్పుగా, పొడుగ్గా ఉండాలి. కట్టాక ఒకరోజు ఆరనివ్వండి. దగ్గర్లో పెద్దవాళ్లు ఒకరుండాలి, ఫోను వాళ్ల జేబులో ఉండాలి.

సెప్టెంబరులో వచ్చేశాం. పోయినవారం తెల్లవారుజామున ఫోను మోగింది. అక్కడ వానలు పడి మట్టి పని మొదలైందట. వాడు మాట్లాడలేదు, ఒక ఫొటో పంపాడు. పిడికిట్లో మట్టిముద్ద. కింద తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో రాశాడు... ‘‘తాతా, సరిపోతుందా?’’

కళ్లజోడు పెట్టుకుని పెద్దది చేసి చూశాను. అంచుల్లో రాలుతోంది. ‘‘ఇంకో చెంబుడు నీళ్లు’’ అని జవాబిచ్చాను.